పౌరసత్వ పత్రములు

మన జిల్లాలలోని అనేక గ్రామములనుండి బిడ్డలు అమెరికా సంయుక్త రాష్ట్రములకు బోయి స్థిరపడియున్నారు. వారిలో శాశ్వత నివాసపు అనుమతి సంపాదించి, అయిదేండ్ల గడువు పూర్తిచేసి, ఆ దేశపు పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొనుటకు సిద్ధపడుచున్నవారు పెక్కురు. ఆ దరఖాస్తునకు వలసిన కాగితములలో కొన్ని అచ్చట వారి పెట్టెలలో నున్నవి. తక్కినవి ఇచ్చట మన యిండ్ల దూలములమీది ట్రంకుపెట్టెలలోను, మన పాఠశాలల బీరువాలలోను, మన పురపాలక సంఘముల దస్త్రములలోను ఉన్నవి. కావున ఇది సముద్రముల కావలివారి గొడవయని పాఠకులు త్రోసివేయరాదు. ఒక తప్పు తేదీ ఇచ్చట వ్రాయబడినచో ముప్పదియేండ్ల పిమ్మట దాని ఫలము అచ్చట అనుభవింపవలసి వచ్చుచున్నది.

స్వదేశాభిమానమును ప్రబోధించు పత్రిక పరదేశ పౌరసత్వమునకు దారి చూపుట తగునా యని కొందరు ప్రశ్నింపవచ్చును. మేము ఎవ్వరినిగాని మాతృదేశమును విడువుడని చెప్పుట లేదు. విడువవలదని శాసించుటకును మాకు అధికారము లేదు. ఒక మనుజుడు తాను శ్రమించి, పన్నులు చెల్లించి, పిల్లలను పెంచుకొనుచున్న భూమియందు ఓటుహక్కు లేని బాటసారివలె జీవితాంతము ఉండుట స్వాతంత్ర్యమును కోరిన జాతికి ఆదర్శము కాజాలదు. తెలిసి చేసిన పని గౌరవము. తెలియక సంతకము చేసిన పని దాస్యము. ఈ భేదమును స్పష్టపరచుటయే మా యుద్దేశము.

ఈనాడు సులభముగ గోచరించు ఈ హక్కు మనవారికి ఊరక లభింపలేదు. 1790వ సంవత్సరపు అమెరికా చట్టము పరదేశీయులలో తెల్లజాతివారికి మాత్రమే పౌరసత్వార్హత నొసగెను. 1870లో ఆఫ్రికా సంతతివారికి ఆ యర్హత విస్తరింపబడినది. భారతీయుడు ఎచ్చటివాడు? భగత్ సింగ్ థిండ్ అను పంజాబు సిక్కు ప్రథమ ప్రపంచ సంగ్రామమున అమెరికా సైన్యమున కొలువు చేసినవాడు. 1920లో దిగువ న్యాయస్థానము ఆయనకు పౌరసత్వ మొసగెను. ప్రభుత్వము ఒప్పక పైకి బోయెను. 1923 ఫిబ్రవరి 19వ తేదీన ఆ దేశపు సుప్రీముకోర్టు, సామాన్యజనుల వాడుకలో భారతీయుడు తెల్లవాడు కాడని తీర్పు చెప్పెను. ఆయన దరఖాస్తులో దోషము లేదు; దోషమంతయు ఆయన చర్మమునందే కనుగొనబడెను.

అంతటితో ఆగక, అంతకుముందే పౌరులైన భారతీయుల పత్రములను సైతము రద్దుచేయుటకు ప్రభుత్వము పూనుకొన్నది. 1921లో పౌరుడైన శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు వైష్ణవదాస్ బగాయి ఆ హక్కును గోల్పోయి, నిలువనీడ లేని పరాభవమును భరింపజాలక 1928లో ప్రాణత్యాగము చేసెను. సఖారాం గణేశ్ పండిట్ కథ వేరు. ఆయన స్వయముగ న్యాయవాది. థిండ్ పక్షమున వాదించినవాడు. 1914లో తనకు పౌరసత్వ మొసగినప్పుడు ప్రభుత్వము అప్పీలు చేయలేదనియు, ఆ తీర్పును నమ్మి తాను వృత్తిని, గృహమును, సంసారమును ఏర్పరచుకొంటిననియు, తుది తీర్పును తిరుగదోడరాదనియు ఆయన వాదించెను. 1926లో అప్పీలు న్యాయస్థానము ఆ వాదమును అంగీకరించినది. 1927లో సుప్రీముకోర్టు జోక్యము చేసికొనలేదు. సక్రమముగ సంపాదింపబడి భద్రముగ నిలుపుకొన్న ఒక పత్రము, రాజ్యముయొక్క ఆగ్రహమునకు సైతము ఎట్లు ఎదురొడ్డి నిలువగలదో పండిట్ వ్యాజ్యెము చూపుచున్నది.

థిండ్ తీర్పు వెలువడిన ఆ కాలముననే మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టను నగరమున అడుగిడిరి. లోకమునకు దివ్యౌషధముల నందించిన ఆ మహనీయుడు 1948లో ఆ దేశమున పరాయివాడుగనే కన్నుమూసెను. 1946 జూలై 2వ తేదీన ట్రూమన్ అధ్యక్షుడు సంతకము చేసిన చట్టముతో గాని భారతీయులకు పౌరసత్వార్హత రాలేదు. అప్పుడును ఏటికి వలస రాదగినవారు నూరుగురే. ఆ చట్టమువలన 1949లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ 1956లో అమెరికా కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. ఒక మనిషికి కాగితము దొరకిన ఏడేండ్లకు వాని గొంతు శాసనసభలో వినబడినది.

కాగితము దొరకనివారి గతియును మనకు తెలియనిది కాదు. సింహళ ద్వీపమున తేయాకు తోటలను పెంచిన భారతీయ కార్మికులను 1948 నాటి పౌరసత్వ చట్టము పరాయివారిని గావించెను. 1949లో వేరొక చట్టము చేసి, నిరంతర నివాసమును రుజువు చేసికొన్నవారికి మాత్రము హక్కు నిత్తుమనిరి. వివాహితులకు ఏడేండ్లు, తక్కినవారికి పదేండ్లు నివాసముండవలెను. ఒక్కసారి పన్నెండు మాసములకు మించి ద్వీపమును విడిచియున్నచో ఆ నివాసము తెగినట్లే. 1951 ఆగస్టు 5వ తేదీ లోపల దరఖాస్తు చేసికొనవలెను. అక్షరము రాని కూలి, తల్లికి జబ్బుచేసి స్వగ్రామమునకు వచ్చి ఎన్ని దినము లుండెనో ఏ రసీదు చూపి రుజువు చేయగలడు? ఎనిమిది లక్షలకు పైబడిన జనముకొరకు దరఖాస్తులు పడగా సుమారు 1,34,000 మందికి మాత్రమే పౌరసత్వము లభించినది. 1964 అక్టోబరులో రెండు ప్రభుత్వములును కూర్చుండి 9,75,000 మందిని సరకువలె లెక్కించి, 5,25,000 మందిని భారతదేశమునకును 3,00,000 మందిని సింహళమునకును పంచుకొని, మిగిలినవారి సంగతి పిమ్మట చూతమనిరి. ఆ కథ 2003 నాటి చట్టమువరకు ముగియలేదు.

బర్మా మనకు ఇంకను దగ్గర. కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినందున మన తెలుగువారిని అచ్చట కోరంగివారని పిలిచిరి. రంగూను రేవులోను, బియ్యపు మరలలోను వారు చెమట చిందించిరి. 1948లో ఆ దేశము స్వతంత్రమై పౌరసత్వమునకు దారి చూపినప్పుడు, ఎన్నడైన ఇంటికి పోవుదుమనుకొన్నవారు ఉపేక్షించిరి. 1964 ప్రాంతమున ఆస్తులు గోల్పోయి ఓడలమీద తిరిగివచ్చిన కుటుంబములకు విశాఖపట్టణమునందలి బర్మా క్యాంపు నేటికిని సాక్ష్యము. అచ్చటనే మిగిలినవారికి 1982 నాటి చట్టము మూడు తరగతుల పౌరసత్వమును కల్పించి, 1948 జనవరి 4వ తేదీకి పూర్వమే తమ వంశము ఆ దేశమున నున్నట్లు రుజువు తెమ్మన్నది. తాత పారవైచిన చీటికి మనుమడు మూల్యము చెల్లించినాడు.

ఈ చరిత్రను ముందుంచుకొని నేటి పనికి వత్తము. అమెరికాలో దరఖాస్తు పత్రమునకు ఎన్-400 అని పేరు. పదునెనిమిదేండ్లు నిండి, శాశ్వత నివాసిగ అయిదేండ్లు గడపినవారు అర్హులు; పౌరుని వివాహమాడి కలిసి కాపురము చేయుచున్నవారికి మూడేండ్లు చాలును. గడువునకు తొంబది దినముల ముందుగనే దరఖాస్తు పంపవచ్చును. 2024 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన పట్టిక ప్రకారము రుసుము కాగితముపై పంపినచో 760 డాలర్లు, అంతర్జాలమున పంపినచో 710 డాలర్లు. పంపుదినమున పట్టికను మరల సరిచూచుకొనుట వివేకము. అమెరికా చరిత్రను, ప్రభుత్వ విధానమును గురించిన పరీక్షయు 2025 అక్టోబరు 20వ తేదీనుండి దరఖాస్తు చేసికొన్నవారికి కఠినతరమైనది: 128 ప్రశ్నలలో 20 అడిగి, 12 సరిగ చెప్పవలెనందురు. శాశ్వత నివాసిగ పదునైదేండ్లు గడపిన యేబదియైదేండ్ల వృద్ధులకును, ఇరువదియేండ్లు గడపిన యేబదియేండ్ల వారికిని ఇంగ్లీషు పరీక్షనుండి మినహాయింపు కలదు. వారు దుబాసిని తోడుతెచ్చుకొని చరిత్ర ప్రశ్నలకు తెలుగులోనే సమాధానము చెప్పవచ్చును. ఈ సంగతి తెలియక భయపడి వెనుకాడు తల్లిదండ్రులకు బిడ్డలు తెలియజెప్పవలెను.

పరీక్షకంటె మనవారిని చిక్కుపరచునవి మూడు కలవు: పేరు, తేదీ, ప్రయాణము.

మొదటిది పేరు. మన యింటిపేరు ముందు వచ్చును. అమెరికావారికి వంశనామము చివర రావలెను. పాఠశాలలో ఇంటిపేరు ఒక్క అక్షరముగ కుదింపబడును, పాస్పోర్టులో విప్పబడును, ఒక్కొక్కప్పుడు మొత్తము నామము ఒకే గడిలో పడి రెండవ గడి శూన్యముగ మిగులును. అప్పుడు వీసాపై మొదటి పేరు తెలియదను అర్థమిచ్చు మూడక్షరములు అచ్చుపడి, అదియే పేరై కూర్చుండును. తల్లి లక్ష్మీదేవమ్మయని పెట్టిన పేరు అచ్చట అనామకమగుట చూచి నవ్వవలెనో విచారింపవలెనో తెలియదు. పౌరసత్వపు దరఖాస్తులో పేరు మార్చుకొనుటకు న్యాయస్థానము ద్వారా ఒక యవకాశము కలదు. ఏ యే పత్రములలో పేరు ఏ విధముగ నున్నదో ముందుగ ఒక పట్టిక వ్రాసికొని, అన్నిటిని ఆ దరఖాస్తులో నిజాయితీగ తెలుపవలెను.

రెండవది తేదీ. బడిలో చేర్పించునాడు ఉపాధ్యాయుడు వయస్సు చాలుటకై జూన్ మాసమున ఒక తేదీని వేయుట మన పల్లెలలో చిరకాలపు ఆచారము. పదవ తరగతి పత్రమున అదియే నిలిచి, పాస్పోర్టునకు బోవును. ఇంటిలో జాతకము వేరొక తేదీని చూపుచుండును. జనన మరణముల నమోదునకు 1969లోనే చట్టము వచ్చినను, నమోదు చేయించని ఇండ్లు లెక్కకు మించినవి. ఒక యేడు దాటిన పిమ్మట నమోదు కావలెనన్న మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసియుండును. ఇట్టి స్థితిలో కొందరు దళారులు క్రొత్త పత్రమును పుట్టించి యిత్తుమందురు. అది విషము. పాత పత్రములు భిన్నముగ నున్నచో, అట్లెందులకు భిన్నముగ నున్నవో ప్రమాణపత్రమున వివరించుట ధర్మము; దొంగపత్రముతో ఏకము చేయుట నేరము.

మూడవది ప్రయాణము. గడచిన అయిదేండ్లలో ఇరువదినాలుగు గంటలకు మించి దేశమును విడిచిన ప్రతి ప్రయాణమును తేదీలతో వ్రాయవలెను. మొత్తముమీద సగము కాలము, అనగా ముప్పది మాసములు, ఆ గడ్డమీద దేహముతో నుండవలెను. ఒక్కసారి ఆరు మాసములు మించినచో నివాసము తెగినదన్న అనుమానము పుట్టి, దానిని తొలగించు భారము మనపై బడును. ఏడాది నిండినచో తెగినట్లే. గుంటూరు సీమకు చెందిన యొక తల్లిని తలచుకొందము. కుమారుని చెంత నాలుగేండ్లుండి, ఇల్లు కట్టించుటకై వచ్చి పదుమూడు మాసములు నిలిచిపోయినది. చేతిలో పునఃప్రవేశ పత్రమున్నది గదాయని నిశ్చింతగా నున్నది. ఆ పత్రము నివాసపు హక్కును కాపాడునేగాని పౌరసత్వపు గడువును కాపాడదు. ఆమె తిరిగివెళ్ళి ఇంకను నాలుగేండ్లకు మించి వేచియుండవలెను. సింహళపు తోటకూలికి అడ్డుపడిన పన్నెండు మాసములే నేడు విమానమున తిరుగు మన తల్లికిని అడ్డుపడుచున్నవి. కాలము మారినను నిబంధన మారలేదు. దానిని ముందుగ తెలిసికొను అవకాశము మాత్రము మనకున్నది.

ఇక వివాహ పత్రములు. పాతతరము దంపతులకు శుభలేఖయు నొక ఛాయాపటమును దప్ప నమోదు పత్రము లేదు. దానికి ఉపాయము కలదు. కష్టమైనది విడాకుల విషయము. పెద్దమనుష్యులు కూర్చుండి తెగగొట్టిన సంబంధములు కొన్ని కులములలో ఆచారమై యున్నవి. ఆచారమువలన వచ్చిన విడాకులను 1955 నాటి హిందూ వివాహ చట్టము తన 29వ విభాగమున కాపాడుచున్నది. కాని అట్టి ఆచారము తమలో నున్నదని రుజువు చేయు భారము చెప్పుకొన్నవారిపైననే యుండును. పెద్దల ముచ్చిలికమాత్రము చేతబట్టుకొని రెండవ వివాహము చేసికొన్నవాడు అధికారి యెదుట ఇద్దరు భార్యల మగడుగ కనబడును. స్వదేశమున న్యాయస్థానపు ప్రకటన పొంది యుంచుకొనుట క్షేమము. తెలుగులోనున్న ప్రతి పత్రమునకును పూర్తి ఇంగ్లీషు అనువాదమును, అనువాదకుడు రెండు భాషలు నెరిగినవాడనియు అనువాదము యథార్థమనియు వ్రాసి చేసిన సంతకమును జతపరచవలెను. సారాంశము వ్రాసిన చాలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది సత్యము. ఆ దరఖాస్తు ఎన్నడైన అరెస్టయితివా, ఎన్నడైన ఓటు వేసితివా, పన్నులు చెల్లించితివా యని ప్రశ్నించును. విద్యార్థి దశలో అంగడిలో జరిగిన చిన్న తగవు కొట్టివేయబడినది గదాయని దాచుట పొరపాటు. కొట్టివేయబడినను చెప్పి, న్యాయస్థానపు పత్రమును జతపరచవలెను. వాహనపు లైసెన్సు కార్యాలయమున ఓటరుగ చేర్చుకొందుమా యని యడుగగా, చదువకయే సంతకము చేసి, పౌరుడనని ఒప్పుకొన్నట్లు చిక్కుకొన్నవారు గలరు. ఆ యొక్క సంతకము దరఖాస్తును మాత్రమే గాదు, నివాసమునే ముంచగలదు. పదునెనిమిది మొదలు ఇరువదియైదేండ్ల వయస్సులో శాశ్వత నివాసిగనున్న యువకుడు సైనికపు నమోదు పట్టికలో చేరెనా లేదా యన్నదియు అడుగుదురు. ముఖ్యమైన నిజమును దాచి సంపాదించిన పౌరసత్వమును ఎన్నియేండ్లకైనను రద్దుచేయుటకు అమెరికా చట్టమున తావు కలదు. అసత్యము పౌరసత్వము వచ్చుటకు కారణభూతమై యుండవలెనని 1917 తరమువారు కలలోనైన యెరుగని ఒక రక్షణను 2017లో సుప్రీముకోర్టు చెప్పినను, దానినమ్ముకొని అబద్ధమాడువాడు అవివేకి. ఇట్టి చిక్కులున్నవారు దళారి నాశ్రయింపక, లైసెన్సుగల న్యాయవాదిని ముందుగ సంప్రదింపవలెను.

ఇప్పుడు పత్రపు రెండవ ముఖమును చూడవలెను. ప్రమాణము చేయునాడు ఇతర రాజ్యములపైనున్న సమస్త విధేయతను త్యజించితినని పలుకవలెను; చట్టము కోరినప్పుడు ఆయుధమునో, ఆయుధములేని సేవనో వహింతునని ఒప్పుకొనవలెను. అది మంత్రమువలె అర్థము తెలియక వల్లించు పాఠము కాదు. ఆ క్షణముననే మన 1955 నాటి పౌరసత్వ చట్టపు 9వ విభాగము పనిచేయును: ఇష్టపూర్వకముగ పరదేశ పౌరసత్వము స్వీకరించినవాడు భారత పౌరుడు కాకుండబోవును. దానికి ఎవరి ఉత్తరువును అక్కరలేదు. భారత పాస్పోర్టును అప్పగించి రద్దుచేయించుకొని సర్టిఫికెట్టు పొందవలెను. దాచుకొని దానితో ప్రయాణించుట శిక్షార్హము. రెండు పడవలలో కాలు పెట్టుటను మన చట్టము సహింపదు.

విదేశీ భారతీయ పౌరుడను కార్డు 2006 జనవరిలో మన హైదరాబాదు నగరమున జరిగిన ప్రవాసుల సభలోనే ప్రారంభమైనది. పేరున పౌరుడన్న మాట యుండుటచేత పలువురు మోసపోవుచున్నారు. వీసా లేక రాకపోకలు సాగించుటకు అది చాలును. ఓటు లేదు, శాసనసభలకు పోటీచేయు హక్కు లేదు. వ్యవసాయ భూమిని కొనుటకు వీలులేదు. తండ్రినుండి వారసత్వముగ వచ్చినదానిని అనుభవింపవచ్చును. పొలము కొనవలెనన్న కోరికతో డాలర్లు కూడబెట్టుచున్న రైతుబిడ్డలు ఈ భేదమును ప్రమాణమునకు పూర్వమే తెలిసికొనవలెను. ఆ తరువాత అన్నదమ్ముని పేర కొని వ్యాజ్యెములకు దిగుటకంటె ముందు యోచించుట మేలు.

మన కర్తవ్యమేమి? 1914లో బెజవాడలో సమావేశమై గ్రంథాలయోద్యమమునకు పూనుకొన్న ఆంధ్రులు చీకటి పల్లెలకు వార్తాపత్రికలను మోసికొనిపోయిరి. ఆ పఠనమందిరములు నేడును గలవు. వారమున కొకదినము ఒక న్యాయవాదియు ఒక ఉపాధ్యాయుడును అచ్చట కూర్చుండి, జనన నమోదు, వివాహ నమోదు, పేరు సవరణలకు వలసిన అర్జీలను ఉచితముగ వ్రాసిపెట్టవచ్చును. నమ్మదగిన అనువాదములు చేసియీయవచ్చును. ఇది పరదేశమునకు బోవువారికి మాత్రమే ఉపకరించునది కాదు. పింఛనుకొరకు తిరుగు వితంతువునకును, పట్టాకొరకు తిరుగు కౌలురైతునకును ఆ కాగితములే కావలసియున్నవి. మొదటివాని కొడుకు డాలర్లు వెచ్చించి వకీలును పెట్టుకొనగలడు. రెండవవానికి మనము దప్ప దిక్కులేదు.

ప్రభుత్వమును మేము కోరునది ఒక్కటే. 2023 అక్టోబరు 1వ తేదీ తరువాత జన్మించినవారికి అనేక కార్యములలో జనన పత్రమే ఆధారమని చట్టము సవరించిరి. అట్లైనచో, ఆ పత్రమున ఇంటిపేరు పూర్తిగ, తేదీ నిజముగ, అక్షరములు తప్పులేక వ్రాయు బాధ్యతయు ప్రభుత్వముదే. పాత పుస్తకములు చెదలకు ఆహారము గాకమునుపే వానిని శుద్ధప్రతులుగ భద్రపరచి, కోరినవారికి లంచము లేక, జాప్యము లేక ఇప్పింపవలెను. సవరణకై వచ్చినవానిని నేరస్థునివలె చూడరాదు. మొదటి తప్పు చేసినది పలుమారు కచేరియే గదా!

దరఖాస్తుదారులకు మా తుది మాట యిది. ఒక దస్త్రము కట్టుకొనుడు. అందులో మీ పేరు, తేదీ, ప్రయాణము, పన్ను, వివాహము అన్నియు నిజముగ, వరుసగ నుంచుడు. దానిని మీ బిడ్డలకు చూపి, ఈ కాగితములన్నియు ఎచ్చటినుండి వచ్చెనో చెప్పుడు. పద్దెనిమిదేండ్లు నిండక, శాశ్వత నివాసులై, పౌరులైన తలిదండ్రుల చెంతనున్న బిడ్డలు 2001 ఫిబ్రవరి 27వ తేదీ మొదలు అమలులోనున్న చట్టముచేత తమంతతామే పౌరులగుదురు. వారు ఏ ప్రమాణమును చేయరు, ఏ పరీక్షయు వ్రాయరు. తాము దేనిని పొందిరో, తమ తలిదండ్రులు దేనిని వదలుకొనిరో వారికి తెలుపునది ఆ దస్త్రము ఒక్కటియే.